నీళ్ళు తేరుకునే గంట

గాజు తొట్టిలోకి నీళ్ళు పడడం ఆగి, రబ్బరు గొట్టం మూతి నుంచి చివరి చుక్క కూడా రాలిపోయాక, ఇప్పుడీ ప్రయోగశాల చూసుకునే చిన్న మేడం గోడగడియారం వైపు ఒకసారి చూసి, తొట్టి పక్కనున్న పుస్తకంలో పది గంటలు అని రాసి, పెదవుల మీద వేలుంచుకుంది. ఇక గంటసేపు ఈ గదిలో ఎవరూ మాట్లాడకూడదు, నడవకూడదు, కుర్చీ జరపకూడదు. ఆ నియమం చిన్న మేడం పెట్టినది కాదు, చిన్న మేడం పుట్టకముందు నుంచీ ఉన్నది. నేల చెక్కలది, ఎవరు అడుగు వేసినా ఆ అదురు తొట్టిదాకా పోతుంది. సుడులు లేపడానికి పైనా కిందా ఉన్న ఇనుప జాలీలను మోటారు ఊపడం మొదలుపెట్టే సమయానికి నీటిలో పాత కదలిక ఒక్కటీ మిగిలి ఉండకూడదు. ఉంటే పాతదేదో కొత్తదేదో ఎవరూ తేల్చి చెప్పలేరు. అందుకని నీళ్ళు తేరుకోవాలి, అవి తేరుకునేదాకా మనుషులు బిగబట్టుకుని కూర్చోవాలి. చిన్న మేడం పిలిపించిన ఇద్దరిలో ఒకామె తొట్టికి ఈ పక్క కుర్చీలో కూర్చుంది. ఆ పక్క కుర్చీలో ఆమె వదిన కూర్చుంది. మధ్యలో నిలువెత్తు నీరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి, ఒకే గదిలో కూర్చోబెట్టి, మాట్లాడకండి అని చెప్పడంలో ఎంత హాస్యముందో పాపం చిన్న మేడానికి తెలియదు. ఆ విద్యలో మేం ఇంకొకరికి పాఠాలు చెప్పగలం తల్లీ అనుకుంది ఆమె, అనుకుని, వదిన అయితే ఆ మాట పైకే అనేసి ఉండేదని కూడా అనుకుంది.

వదిన అంటే అన్న భార్య కాదు, మేనమామ కూతురు, ఆమెకన్నా రెండేళ్ళు పెద్దది. ఒక మంచం మీద చెరో వైపు తలపెట్టి పడుకుని ఒకరి పాదాలు ఒకరు గిల్లుకుంటూ పెరిగినవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒకరికి, ఇరవై నాలుగు ఇంకొకరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే రోజు ఈ ప్రయోగశాలలో ఫిల్ము చదివే పనిలో చేరారు, ఏడేళ్ళు ఒకే బల్ల ముందు కూర్చున్నారు, ఆ తర్వాత వదిన వెళ్ళిపోయింది, ఆమె మొన్న పదవీ విరమణ దాకా ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఈ పిలుపు ఎందుకంటే పాత అలమారలోంచి నలభై ఒకటో రీలు బయటపడింది. చిన్న మేడం ఇద్దరికీ ఒకే ఉత్తరం రాసింది, మర్యాదగా, అక్షరం పొల్లు పోకుండా. నీటిలో వదిలిన పూసల దారి పట్టడానికి నాలుగు కొత్త కెమెరాలు పెట్టినా రెండు పూసలు ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడు యంత్రం తడబడుతోందట. అలాంటి చోట ఆనాడు మనిషి కన్ను ఏం చేసిందో తెలుసుకుని ప్రయోగం పుస్తకంలో పేరుతో సహా నమోదు చేసుకుంటుందట. రిజిస్టరులో ఆ రోజు నీలం పెన్సిలు పక్కన వదినగారి సంతకం ఉంది కనుక ముందు వారినే అడుగుతుందట. ఈ చివరి వాక్యం దగ్గర ఆమె కళ్ళు ఎన్నిసార్లు ఆగాయో లెక్కలేదు. ఆ సంతకం నిజంగా వదినదే. ఆ రోజు నీలం పెన్సిలు పట్టుకున్న చెయ్యి మాత్రం వదినది కాదు. ఆ సంగతి అప్పట్లో ఈ ప్రయోగశాల నడిపిన పెద్దాయనకు తెలియనే తెలియదు, ఆయన పోయి పదకొండేళ్ళయింది. తెలిసింది ఈ తొట్టికి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరికే. పదకొండు గంటలు కొట్టగానే చిన్న మేడం కలం తీస్తుంది, వదినను అడుగుతుంది. ఆ లోపల ఆమె చెప్పాలి, లేదా ఇరవై తొమ్మిదేళ్ళకిందట ఊరుకున్నట్టే మళ్ళీ ఒకసారి ఊరుకోవాలి.

పది దాటి ఆరు నిమిషాలు. నీటిలో పూసలు ఇంకా తిరుగుతున్నాయి, నెమ్మదిగా, నిద్ర చాలని మనుషుల్లా. ఆవగింజలో సగం కూడా ఉండవు. తేలకూడదు, మునగకూడదు, నీటి బరువూ వాటి బరువూ సరిసమానం కావాలి. నీళ్ళలో ఉప్పు చిటికెడు చిటికెడు కలుపుతూ పెద్దాయన గంటలు గంటలు నిలబడేవాడు, వదిన వెనకనుంచి, అయ్యగారి వంట ఎప్పటికి అవుతుందో అని గొణిగేది, ఆయన వినపడనట్టే ఉండి మర్నాడు తిరుగు జవాబు తెచ్చేవాడు, ఉప్పు తక్కువైన వంటనైనా తినగలం కానీ ఉప్పు తక్కువైన మాట భరించలేమమ్మా అని. ఆయన బూటు తాడు ఒకటి ఎప్పుడూ ఊడే ఉండేది. ఊడినవాటిని గమనించడం నా వృత్తి, ముడెయ్యడం నాకు చేతకాదు అనేవాడు. నవ్వితే మొహమంతా ముడతలు పడి, ఆ ముడతల మధ్య కళ్ళు కనిపించకుండా పోయేవి. ఇప్పుడాయన ఫోటో ఆ తలుపు పైన ఉంది, నవ్వకుండా. ఫోటో తీసేవాడు నవ్వొద్దని చెప్పి ఉంటాడు. ఆయన నవ్వకుండా ఉన్న రోజు ఆమెకు ఒక్కటే గుర్తు, ఆ రోజు వైపు మనసు ఇప్పుడే పోకూడదు, ఇంకా చాలా సమయం ఉంది.

చదివే గది ఈ గోడకు అవతల. ఇప్పుడక్కడ కంప్యూటర్లు పెట్టారు. అప్పుడు నల్ల తెరలు కట్టిన చిన్న గది, మధ్యలో గరుకు గాజు పలక బిగించిన బల్ల, కిందనుంచి ఫిల్ము వెలుగు ఆ గాజు మీద పడితే ఒక్కో పూసా తెల్లటి చుక్క. గాజు మీద పల్చటి కాగితం, ఆమె చేతిలో ఎర్ర పెన్సిలు, వదిన చేతిలో నీలం. పక్కపక్కనే బయలుదేరిన రెండు పూసలను చెరొకరు పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని వదలకూడదు, ఎదుటివాళ్ళ పూస వైపు చూడకూడదు. ఎరుపు వాళ్ళు పిడి ఒక చుట్టు తిప్పుతారు, ఫ్రేము మారుతుంది, ఎవరి చుక్క కొత్తగా ఎక్కడుందో వాళ్ళు పెన్సిలుతో గుర్తు పెట్టి, ఉంది అంటారు. ఉంది. ఉంది. మళ్ళీ పిడి. ఉంది. ఉంది. రోజంతా ఆ గదిలోంచి వినపడే మాట అదొక్కటే. నడవాలో పోయేవాళ్ళు అదేదో మంత్రపఠనమనుకుని మెల్లగా నడిచేవాళ్ళట. చుక్క మసకబారినా, వెలుగులోంచి జారిపోయినా, రెండు చుక్కలు ఒకటై ఏది ఎవరిదో తెలియకపోయినా, పోయింది అనాలి. ఒకరు పోయింది అంటే ఆ జంట అంతటితో సరి. రెండోది ఎంత స్పష్టంగా మెరుస్తున్నా సరే, దాన్నీ వదిలెయ్యాలి, ఒంటిగా ఉన్నదానికి దూరమనేదే లేదు, దేనినుంచి కొలుస్తారు. కాపురం కుదరలేదమ్మా వీళ్ళకి అనేది వదిన పెన్సిలు దించి. త్వరగా విడిపోయిన జంటల్లో తప్పెప్పుడూ ఎర్ర పూసదే. నా నీలం పిల్ల నెమ్మదస్తురాలు, మీ ఎర్రదే అత్తవారింటి కోపం తెచ్చుకుంది అని వదిన, మీ పిల్ల నెమ్మది మాకు తెలియనిదా, మొన్న పదో ఫ్రేములోనే గడప దాటలేదూ అని ఆమె. వదినామరదళ్ళ ఎత్తిపొడుపులకు ఆ గదిలో లోటన్నది లేదు, బయట వేరే సరుకు కావలసిన అవసరమూ లేదు. మధ్యాహ్నం తెరలు తీస్తే ఇద్దరి కళ్ళకూ లోకమంతా చుక్కలు చుక్కలుగా కనిపించేది. వీధిలో జనం పోతుంటే ఇద్దరిని ఎంచుకుని, ఆ టోపీ ఆయన నాది, ఆ గొడుగావిడ నీది అని, వాళ్ళు మలుపు తిరిగేదాకా ఉంది, ఉంది అంటూ నడిచేవాళ్ళు. వానొస్తే ఒకే గొడుగు. వదిన భుజం కుడివైపు, ఆమె భుజం ఎడమవైపు తడిసేవి, మధ్యలో ఉన్న రెండు భుజాలు పొడిగా, వెచ్చగా.

ఆ వెచ్చదనం ఇప్పుడు కూడా కుడి భుజానికి తెలిసింది, నవ్వొచ్చింది, ఆపుకుంది. నవ్వితే ఊపిరి, ఊపిరికి గాలి. నీటికి అవతల వదిన మొహం గాజు వంపులో కొద్దిగా సాగి, జుట్టు తెల్లగా, కళ్ళద్దాలు మందంగా. ఇక్కడి పని పోయాక వదిన కళ్ళద్దాల దుకాణంలో చేరిందని ఎవరో చెప్పారు, అద్దాల అంచులు అరగదీస్తుందట, చెయ్యి తిరిగిన మనిషి అని పేరట. ఆ ఎవరో చెప్పినప్పుడు ఆమె, అలాగా అంది. అలాగా అనే మాట ఎంత పనికొచ్చే మాట. అమ్మ పోయిన రోజు వదిన వచ్చింది, మేనత్త కదా, రాకుండా ఎలా ఉంటుంది, గుమ్మం పక్కన నిలబడింది, ఆమె మళ్ళీ చూసేసరికి అక్కడ వదిన చెప్పులు లేవు. పెళ్ళిళ్ళలో దూరంగా వరసలో ఎక్కడో ఒక చివర. రెండు మూడుసార్లు బస్సు కిటికీలోంచి. ఒకసారి మందుల చీటీ పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద, అప్పుడు వదిన ఇటే చూసింది, చూసిందనే ఆమె అనుకుంది, ఆ కళ్ళద్దాల మీద వెలుగు పడి కళ్ళు కనిపించలేదు.

పెద్దాయన కొత్తగా చేరినవాళ్ళకు దూరం సంగతి ఎప్పుడూ సినిమాహాలుతో మొదలుపెట్టి చెప్పేవాడు. ఆట వదిలారు, ఇద్దరు స్నేహితులు భుజం భుజం రాసుకుంటూ గుంపులో బయటికొస్తున్నారు. గుంపంతా ఒకే వైపు తోస్తే ఇద్దరూ కలిసే కొట్టుకుపోతారు, పడవలో పక్కపక్కన కూర్చున్నట్టు. పెద్ద తోపు వాళ్ళను ఏమీ చెయ్యలేదు. వాళ్ళ మధ్య మొదట దూరేది ఒక్క మనిషి. ఒక్క మనిషి దూరాక ఆ సందులో ఒక కుటుంబం దూరుతుంది. కుటుంబం దూరాక మొత్తం ఒక వరసే దూరుతుంది. నీటిలో సుడులూ అంతే. జంట మధ్య ఎడమెంతో సరిగ్గా అంత సుడే వాళ్ళను విడదీస్తుంది, అంతకన్నా చిన్నది కాస్త కుదిపి ఊరుకుంటుంది, అంతకన్నా పెద్దది ఇద్దరినీ ఒళ్ళో పెట్టుకుని మోసుకుపోతుంది. ఎడం పెరిగినకొద్దీ ఇంకా పెద్ద సుడులకు అందులో చోటు దొరుకుతుంది, పెద్ద సుడికి జోరెక్కువ. కనుక దూరం పెరిగినకొద్దీ దూరం పెరిగే వేగమూ పెరుగుతుంది. దూరానికి దూరమే ఎరువు అని, ఆ మాట దగ్గర ఆగి, ఊడిన బూటు తాడు వైపు చూసుకునేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు. వెంటనే విడిపోయిన జంటలు గాజు పలక అంచు దాటి పోతాయి, అవి మీ కాగితం మీద ఉండవు. చివరిదాకా మిగిలినవి దగ్గరదగ్గరగా తిరిగినవే. ఆ మిగిలినవాటినే కలిపి సగటు కట్టారంటే లోకంలో ఎవరూ ఎవరికీ దూరం కాలేదనే తేలుతుంది, జాగ్రత్త. గొడుగూ, టోపీ ఆయనా, ఉంది ఉందీ. ఆమె దగ్గర మిగిలినవీ ఇవే కదా. అంచు దాటిపోయిన రోజులు కాగితం మీద లేవు. వదిన విసుక్కున్న రోజులుంటాయి, తను అలిగిన రోజులుంటాయి, బల్ల ముందు ఒక్క మాట లేకుండా గడిచిన సాయంత్రాలుంటాయి, ఏవీ ఒక్కటీ చేతికి రాదేం.

పది ఇరవై అయిదు. చిన్న మేడం మూలన స్టూలు మీద, మోకాళ్ళ మీద పుస్తకం, చెప్పులు పక్కన. బయట నడవాలో ఎవరో నవ్వారు, తలుపు మీద కాగితం చూసి కాబోలు వెంటనే ఆగిపోయారు. పూసలు చాలావరకు నిలబడ్డాయి. గాలిలో ఆగిపోయిన వానలా.

నలభై ఒకటో రీలు చదివిన రోజు ఆమె మణికట్టు బెణికి ఉంది. ముందురోజు ఇంట్లో బీరువా జరుపుతూ. పిడి తిప్పలేనంటే వదిన, సరే ఇటు రా, నేను తిప్పుతానని ఎర్ర వైపు కూర్చుంది. ఆమె నీలం వైపు కూర్చుంది. పొద్దున్నే రిజిస్టరులో అలవాటు ప్రకారం సంతకాలు పడిపోయాయి, ఎరుపు పక్కన ఆమెది, నీలం పక్కన వదినది. మార్చాలని ఇద్దరికీ తోచలేదు, తోచినా లేచి అంతదూరం ఎవరు పోతారు. ఆ జంట మొదటినుంచీ మామూలుది కాదు. నూరు ఫ్రేములు దాటాయి, అరచెయ్యంత ఎడం కూడా రాలేదు. నూట యాభై. అప్పుడు విడిపోవడం మొదలుపెట్టాయి, ఒకటి పైకీ ఒకటి పక్కకీ, జానెడు, జానెడున్నర. రెండు వందలు. అంతవరకూ ఏ జంటా రెండు వందలు చూడలేదు. వదిన గొంతులో ఉంది అనే మాట కొద్దిగా వణుకుతోంది, నవ్వు వల్లో ఆత్రం వల్లో. రెండు వందల పన్నెండో ఫ్రేములో ఆమె పూస మీదికి ఇంకో పూస వచ్చింది. రెండూ ఒకే చుక్క అయ్యాయి. తర్వాతి ఫ్రేములోనూ ఒకే చుక్క. ఆ తర్వాత కూడా. పోయింది అనాలి. ఉంది అన్న మాటకన్నా ఒక్క అక్షరమే ఎక్కువ, నోరు తెరిస్తే వచ్చేస్తుంది. పోయింది అంటే ఆ జంట పోతుంది, ఎర్రది ఎంత వెలుగుతున్నా. నాలుగో ఫ్రేములో చుక్క మళ్ళీ రెండైంది, ఒకటి కింద మసకగా, ఒకటి పైన, ఎర్ర పూస ఉన్న వైపు మెరుస్తూ. ఆమె పెన్సిలు పైకి వెళ్ళింది. ఉంది, అంది. వదిన, ఉంది, అంది. పిడి తిరిగింది. పైనున్న పూస ఎర్రదాని దగ్గరికి పోయింది, పోయి పోయి పక్కకు చేరింది. విడిపోయి మళ్ళీ కలుసుకున్న జంట. ఆ రోజు పెద్దాయన ఆ కాగితం పట్టుకుని నడవాలో నడిచిన నడక, రెండు బూట్ల తాళ్ళూ ఊడిపోయి.

ఆ తర్వాతి సోమవారం ఆమె ఒంటరిగా కాగితం చూసింది. నీలం గీత రెండు వందల పదిహేను దగ్గర మోచెయ్యిలా విరిగింది. నీటిలో పోయే పూస అలా విరగదు. నీరు ఎంత కోపంగా ఉన్నా మలుపు తిప్పడానికి దానికి కొంత వ్యవధి కావాలి. ఆ గీత ఒక పూసది కాదు. సగం ఒకదానిది, సగం ఇంకొకదానిది. అప్పుడే పెద్దాయన గదికి వెళ్ళి ఉండవచ్చు. గది ఎంత దూరం, ఇరవై అడుగులు. ఆయన లోపల ఎవరితోనో నవ్వుతున్నాడు. మంగళవారం పోదామనుకుంది. మంగళవారం ఆయన వ్యాసం టైపు చేయిస్తున్నాడు. నాలుగు నెలల తర్వాత వేరే ప్రయోగశాలనుంచి ఉత్తరం వచ్చింది, మీ నీలం గీత ఇలా విరగడం ఎలా సాధ్యం అని. ఆ రోజే ఆయన నవ్వకుండా ఉన్న రోజు. కేకలు వెయ్యలేదు. తెలియనప్పుడు పోయింది అనలేనివాళ్ళు ఈ బల్ల ముందు కూర్చోకూడదమ్మా అన్నాడు, రిజిస్టరు తెరిచి, వదిన వైపు తిరిగి. వదిన తల తిప్పి ఆమె వైపు చూసింది. ఎంతసేపు? మూడు ఫ్రేములు, నాలుగు ఫ్రేములు. ఆమె చెక్కల మధ్య సందులో ఇరుక్కున్న పెన్సిలు పొట్టును చూస్తూ నిలబడింది. అప్పుడు వదిన చేతిసంచి తీసుకుంది.

మొదటి వారం ఆమె వదిన ఇంటి మెట్లు ఎక్కలేకపోయింది, సిగ్గు. రెండోవారం, మొదటివారం వెళ్ళనందుకు సిగ్గు. నెల గడిచాక నెలరోజులు ఎందుకు రాలేదో కూడా చెప్పుకోవాలి కదా, దానికి తగిన మాటలు వెతకాలి. ఏడాదికి ఆ మాటలు కొండంత అయ్యాయి. ఒక్క మనిషి దూరే సందు అది మొదట్లో. దానిలోకి పెళ్ళిళ్ళు దూరాయి, చావులు దూరాయి, ఇల్లు మారడాలు, కంటి ఆపరేషను, ఊళ్ళో కొత్త రోడ్లు. మాట్లాడకపోవడానికి మొదటి కారణాన్ని ఆ తర్వాత వచ్చినవన్నీ కలిసి కప్పేశాయి. తనెక్కడికీ పోలేదనీ, అదే గది, అదే బల్ల, అదే ఎర్ర పెన్సిలు అనీ, వెళ్ళిపోయింది వదినేననీ ఆమె చాలా ఏళ్ళు నమ్మింది. నలభై ఒకటి అనే అంకె ఎక్కడ కనిపించినా, బస్సు మీద, ఇంటి గోడ మీద, చూపు తిప్పుకునేది. అంకెకేం తెలుసు.

పది నలభై ఎనిమిది. నీరు నిలిచిపోయింది. ఇప్పుడు చూస్తే తొట్టిలో నీరుందని చెప్పలేం, పూసలు గాజులో గుచ్చినట్టున్నాయి. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ఈ గంటను ఆమె ఒక్కసారీ పాడుచెయ్యలేదు. జ్వరం వచ్చి దగ్గు తన్నుకొస్తే నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్న మనిషి. ఇంకా పన్నెండు నిమిషాలుంది, పన్నెండు నిమిషాలు ఆగి అప్పుడు చెప్పవచ్చు, నియమప్రకారం, ముందు నేను ఒక మాట చెబుతాను మేడం అని లేచి. ఆగడం తనకు బాగా వచ్చు. సోమవారం ఆగింది, మంగళవారం ఆగింది. పదకొండు కొట్టగానే చిన్న మేడం నోరు తెరుస్తుంది, ఆమెకన్నా ముందే తెరుస్తుంది, వదిన మళ్ళీ తల తిప్పి ఇటు చూస్తుంది. ఆ చూపు ఇంకొకసారి తన మీద పడకముందే.

ఆమె లేచింది. చెక్క కిర్రుమంది. చిన్న మేడం తలెత్తి, చెయ్యి అడ్డంగా ఊపి కూర్చోమంది. ఆమె తొట్టి చుట్టూ నడిచింది, ఒక అడుగు, రెండు, అయిదు, ప్రతి అడుగూ నేల మీద దుంగ వేసినట్టు వినపడింది. వదిన కుర్చీ పక్కకొచ్చి నిలబడి, చిన్న మేడాన్ని చూస్తూ చెప్పింది.

"నలభై ఒకటో రీలు నీలం చదివింది నేను. సంతకం ఒక్కటే ఈవిడది. పూసలు కలిసిపోయిన చోట నేను పోయింది అనాల్సింది. ఉంది అన్నాను. నా పేరు రాసుకోండి."

చిన్న మేడం కలం తీయలేదు. వదిన మొహంలో ఆశ్చర్యం లేదు. చేతిసంచి ఒళ్ళోంచి తీసి నేలమీద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది.

"నేను చూశాను," అంది.

"ఏం చూశావు?"

"నీ పూస కిందికి జారిపోవడం. చూడకూడదని తెలుసు, అయినా చూశాను. నీ పెన్సిలు పక్కదాని మీదికి పోయింది. పిడి నా చేతిలోనే ఉంది, ఆపితే ఆగేది. ఒక్క కాపురమైనా నిలబడనీ అనిపించి నేనూ ఉంది అన్నాను."

"మరి ఆయన అడిగినప్పుడు?"

"తప్పు నాది కాదని ఎలా చెప్పను? నువ్వు నోరు విప్పితే నేనూ విప్పుదామని నీ మొహం చూశాను. నువ్వేమో నేల చూస్తున్నావు. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని నీ ఎదుటికి రాను?"

ఆమె ఆ చూపును ఇన్నేళ్ళూ ఫిర్యాదనుకుంది. అది అడగడం అనీ, తనలాగే అవతల కూడా ఒక మనిషి వారం మీద వారం సిగ్గును పేర్చుకుంటూ పోయిందనీ ఒక్కసారైనా తట్టలేదు. ఇద్దరిలో ఎవరు ఎవరినుంచి దూరంగా పోయారో ఏ బల్ల మీద పెట్టి చెప్పగలరు ఇప్పుడు. మూలనుంచి చిన్న మేడం దగ్గి, క్షమాపణ అడిగే గొంతుతో, నీళ్ళు కదిలిపోయాయండీ, మళ్ళీ మొదటినుంచి తేరుకోవాలి అంది. నిజమే, పూసలన్నీ ఊగుతున్నాయి. మీరు తేరుకోనివ్వండమ్మా, మేం ఇక్కడుంటే అవి ఈ జన్మకు తేరుకోవు, బయట కూర్చుంటాం అని వదిన లేచి, మోకాలు పట్టేస్తే ఆమె భుజం పట్టుకుని, పట్టుకున్న చెయ్యి తియ్యడం మరిచిపోయింది.

నడవాలో ఎండ పడుతోంది. పుస్తకాలు మోసుకుంటూ కుర్రాళ్ళూ అమ్మాయిలూ పోతున్నారు. ఇద్దరూ కిటికీదాకా నడిచారు.  ముందు వదినే అడిగింది.

"మొదటి ఆదివారం వస్తావనుకున్నాను. ఎందుకు రాలేదు?"

"వచ్చాను."

"ఎక్కడికి?"

"మీ వీధిలోకి. మందుల షాపు ముందు నిలబడ్డాను. నువ్వు మేడమీద దుప్పటి దులుపుతున్నావు."

"పిలవాల్సింది."

"పిలిచాను. నీకు వినిపించేంత గట్టిగా పిలవలేదు, అంతే."

వదిన ఆమె భుజం మీద చెయ్యి తీసి, ఒక బారెడు దూరం జరిగి, కిటికీకి ఆనుకుని నిలబడింది.

"సరే. ఇప్పుడు పిలువు."

"ఇక్కడా? పిల్లలున్నారు."

"మేడమీదికి వినపడాలి. పిలువు."

ఆమె అటూ ఇటూ చూసింది. ముప్పై ఆరేళ్ళు ఇదే నడవాలో గోడ వారన, గొంతు పైకెత్తకుండా నడిచిన మనిషి. ఊపిరి నిండా తీసుకుని, వదినా అని పిలిచింది. ఆ పిలుపు నడవా అటు చివరిదాకా పోయింది, రెండు తలుపులు తెరుచుకున్నాయి, పుస్తకాలు మోసేవాళ్ళు ఆగి వెనక్కి తిరిగారు. బారెడు దూరంలో నిలబడ్డ వదిన, మేడమీంచి కిందికి వంగి చూసే మనిషిలా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆఁ, వస్తున్నా. ఉండవే," అంది.